వంతెన కాలు కదిలిన రోజు

2012 మే నెల. రాయ్‌పూర్ పక్కన ఉర్లాలో, ఉక్కు గర్డర్లు తయారుచేసే ఒక వర్క్‌షాపులో అప్పటికి పదిహేనేళ్ళుగా పనిచేస్తున్నాను. లోపల గర్డర్లు చేసేవాళ్ళు వేరే ఉన్నారు. నా పని ఊళ్ళు తిరిగి పాత వంతెనల్ని చూసి రావడం. చేతిలో చిన్న సుత్తి, జేబులో సుద్దముక్క, మెడలో బైనాక్యులర్‌తో వంతెనల కింద దూరే ఆడమనిషిని చూడ్డానికి పల్లెల్లో పిల్లలు నా వెనకాల ఊరేగింపుగా వచ్చేవాళ్ళు. ఇనుము మీద సుత్తితో కొడితే అది ఏదో ఒకటి చెబుతుంది. అది చెప్పింది నాకు తప్ప ఇంకెవరికీ అర్థం కాదని నాకు మహా గర్వంగా ఉండేది. ఆ గర్వం ఎలా దిగిందో రాయబోతున్నాను. సిగ్గుపడాల్సిన కథే గాని, తలుచుకుంటే ఇప్పటికీ నాకు సంబరమే ఎక్కువ.

ఆ వంతెన రాయ్‌పూర్‌కి రెండు గంటల దారిలో ఒక నది మీద ఉంది. ఊరి పేరు రాయను. తెల్లదొరల కాలం నాటి ఇనుప వంతెన. అక్కడివాళ్ళు 'లోహే పుల్' అంటారు. చిన్న లైను రైలూ ఎడ్లబళ్ళూ ఒకే వంతెన మీంచి పోవడానికి కట్టారు. నడిమధ్య పట్టాలు, వాటికి అటూ ఇటూ రోడ్డు. రైలు వచ్చే వేళకి రెండు చివరలా గేట్లు పడేవి. రైలు దాటాక సైకిళ్ళు, బళ్ళు, మేకల మందలు కదిలేవి. తర్వాత రైలు ఆగిపోయింది. పట్టాలు తీసేసి, తారు పోసి, రైల్వేవాళ్ళు వంతెనను రోడ్ల శాఖకు అప్పగించారు. నది అవతల ఊళ్ళవాళ్ళకి బజారుకైనా, బడికైనా, ఆస్పత్రికైనా అదొక్కటే దగ్గరి దారి.

మార్చిలో ఆ వంతెన చూడమని మా వర్క్‌షాపుకి పని వచ్చింది. దానికి మూడు స్పాన్లు, అంటే ఒక దిమ్మె నుంచి ఇంకో దిమ్మె దాకా పరుచుకున్న మూడు ఇనుప ముక్కలు. పడమటి ఒడ్డు స్పాన్ చివర రివెట్లు కొట్టి చూశాను. ఇనుప పలకల్ని కలిపి బిగించే గుండ్రటి తల మేకుల్ని రివెట్లంటారు. ఎర్రగా కాల్చి కన్నంలో దూర్చి, రెండో వైపు కూడా తల చేస్తారు. చల్లారాక ముడుచుకుని పలకల్ని అదిమి పట్టుకుంటాయి. గట్టి రివెట్టు ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా పలుకుతుంది. ఆ చివర నలభైకి పైగా వదులయ్యాయి. ఒక్కోదానికీ సుద్దతో గుర్తు పెట్టాను. దాని కింద ఒడ్డున వంతెన బరువు మోసే రాతిబండ నిలువునా చీలింది. ఇంకేం చూడాలి? 'ఇనుము అలసిపోయింది, వంతెన రాకపోకలకు పనికిరాదు, విప్పేయడం మంచిది' అని రాసి సంతకం పెట్టాను.

నా మాటకు అంత విలువ ఉందని నాకే తెలియదు. నెల తిరక్కుండా వంతెనకు రెండు వైపులా ఇటుకలతో అడ్డుగోడ లేచింది. కోసే పని కూడా మా వర్క్‌షాపుకే ఇచ్చారు. గ్యాస్ మంటతో ఇనుము కోసే పనివాళ్ళు, అంటే కట్టర్లు, మే నెల రెండో సోమవారం రావాలి. జాక్‌లు ముందే వెళ్ళి ఒడ్డున టార్పాలిన్ కింద కూర్చున్నాయి. ఏ ముక్క ముందు కొయ్యాలి, ఏది తర్వాత అన్న వరస రాయడం నా వంతు. వరస తప్పితే ముక్క మనుషుల మీద పడుతుంది. అందుకని ఆ వంతెన గురించి తెలిసిన పాతవాళ్ళెవరైనా ఉన్నారా అని వాకబు చేస్తే, మా నాన్నతో రైల్వేలో పనిచేసినాయన ఒకరు అప్పలస్వామి పేరు చెప్పాడు.

అప్పలస్వామి బాబాయ్‌ది శ్రీకాకుళం వైపు. రైల్వే వంతెనల గ్యాంగులో ముప్ఫై ఏళ్ళకు పైగా చేసి రిటైరై, రాయ్‌పూర్ దేవేంద్ర నగర్‌లో కూతురింట్లో ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి కూలర్ ముందు కూర్చుని మామిడికాయ ముక్కలు కోస్తున్నాడు. విషయం చెప్పాను. కత్తిపీట పక్కన పెట్టేశాడు.

"లోహే పుల్లు కోసేస్తారా? ఎవులు సెప్పినారు?"

"నేనే బాబాయ్. రిపోర్టు నాదే."

"నువ్వు సూసినావా?"

"చూశాను. సుత్తితో కొట్టి విన్నాను కూడా."

"ముట్టుకున్నావా?"

నాకు ఒళ్ళు మండింది. పదిహేనేళ్ళ సర్వీసు నాది. "రివెట్టును ముట్టుకుంటే ఏం తెలుస్తుంది బాబాయ్?" అన్నాను కాస్త పెడసరంగానే.

"కోసీడానికయితే నన్నెందుకు పిలుస్తావు? కట్టడానికయితే వొచ్చీవోణ్ణి," అని మళ్ళీ ముక్కలు కొయ్యడం మొదలుపెట్టాడు. నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి పిలిచాడు. "రేపొస్తాను. ఒక్కసారి సెయ్యి ఏసి సూస్తాను. సూడకండా దానికి సావు రాసీడానికి నా మనసొప్పదు."

మర్నాడు గురువారం. పొద్దున్నే బయల్దేరి తొమ్మిది గంటలకల్లా వంతెన దగ్గరున్నాం. రోడ్ల శాఖ గ్యాంగు మేస్త్రి దుకాలూ మమ్మల్ని అడ్డుగోడ దాటించాడు. అతనిది అవతలి ఒడ్డు ఊరే. బాబాయ్ నా సుత్తి తీసుకున్నాడు. ఎడమచేతి చూపుడువేలు రివెట్టు తలకి ఒక పక్కన, తలా పలకా కలిసే చోట ఆనించి, రెండో పక్కన సుత్తితో మెల్లగా కొట్టాడు. నన్ను కూడా వేలు పెట్టమన్నాడు. పెట్టాను. ఒళ్ళు ఝల్లుమంది! వదులైన రివెట్టు వేలికింద చిన్నగా ఉలిక్కిపడింది. నా చెవికి డొల్లగా పలికిన రివెట్టు ఎంత వదులో, ఏ పక్కకి వదులో కూడా నా వేలికి తెలిసింది. పదిహేనేళ్ళలో ఒక్కరూ నాకిది చెప్పలేదు.

"నీ గుర్తులు బిల్‌కుల్ రైటే," అన్నాడు బాబాయ్. నేను ఉబ్బిపోయాను. ఆ ఉబ్బు ఎంతోసేపు లేదు. ఆయన నన్ను అదే స్పాన్ రెండో చివరకి, తర్వాత మిగతా రెండు స్పాన్ల మీదకి తీసుకెళ్ళి వందల రివెట్ల మీద నాచేత వేలు పెట్టించాడు. ఒక్కటి కూడా కదల్లేదు.

"మూడూ ఒక్కనాటివే. ఒక్క ఎండ, ఒక్క వోన, ఒక్క రైలు. ముసిల్దయిపోతే మూడూ ముసిల్వవ్వాల గదమ్మా? జబ్బు ఒక్క కాడే ఎందుకున్నాది?"

ఒక చివర చెడితే మిగతావీ చెడతాయని నేనే తీర్మానించుకున్నాను. ఎందుకు చెడిందని ఎవరూ అడగలేదు. అడగాల్సినదాన్ని నేనే.

"సరే, దాని కాలు సూసినావా?"

కాలంటే బేరింగు. ఇనుప వంతెన ఎండకి సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. అందుకే స్పాన్‌కి ఒక చివర గట్టిగా బిగించి, రెండో చివరను ఇనుప రోలర్ల మీద కూర్చోబెడతారు. దుంగల మీద బరువు దొర్లించినట్టు, ఆ చివర రోజూ కొద్దిగా ముందుకీ వెనక్కీ జరుగుతుంటుంది. మధ్య దిమ్మెల మీద రోలర్లను నేను బైనాక్యులర్‌తో చూశాను. ఒడ్డునున్నవి మాత్రం చూడలేదు.

"అక్కడ దేవుడున్నాడు బాబాయ్," అన్నాను.

"దేవుడా? ఏ దేవుడు?"

ఒడ్డు గోడ పక్కనున్న మెట్లు దిగి కిందికెళ్ళాం. స్పాన్ చివర ఆనే చోట ఎర్రరంగు వేసిన సిమెంటు చౌతరా, అంటే అరుగులాంటి గద్దె, ఉంది. దాని మీద విశ్వకర్మ పటం, ఎండిన బంతిపూలు, అగరొత్తుల బూడిద, ఏళ్ళ తరబడి పోసిన నూనె జిడ్డు. ఇక్కడి కార్ఖానాల్లో, గ్యాంగుల్లో ఏటా సెప్టెంబరులో విశ్వకర్మ పూజ చెయ్యనివాళ్ళుండరు. మా వర్క్‌షాపులో లేత్ మిషన్లకు కూడా బొట్లు పెడతాం. మార్చిలో నేనిక్కడికి వచ్చి బూట్లు విప్పి, దండం పెట్టుకుని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాను. రిపోర్టులో 'బేరింగు దగ్గరికి వెళ్ళడానికి వీలులేదు' అని రాశాను.

బాబాయ్ చౌతరా ముందు గొంతుక్కూర్చున్నాడు. ఎర్రరంగు మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"ఈ గోడ నాను కట్టినానమ్మా."

రైల్వేవాళ్ళు వంతెనను అప్పగించిన ఆఖరి రోజున గ్యాంగులో ఈయనే పెద్ద. నది ఇసక గాలికి లేచి రోలర్లలో పడుతోందని, మిగిలిన సిమెంటుతో చుట్టూ చిన్న గోడ కట్టి పైన రేకు మూత పెట్టాడు. ఇనుము కదలడానికి రెండు వేళ్ళ ఖాళీ ఉంచాడు. మూడేళ్ళకోసారి మూత తీసి గ్రీజు పెట్టమని కొత్తవాళ్ళకి చెప్పాడు. వాళ్ళలో ఎవరికి చెప్పాడో, వాళ్ళేం విన్నారో ఇప్పుడెవరికీ తెలియదు. దుకాలూని అడిగితే, తాను చేరేసరికే అది దేవుడి గద్దె అన్నాడు. ప్రతి పూజకీ పగుళ్ళు పూడ్చి, మెత్తి, రంగు వేయించడం తన డ్యూటీ అని గర్వంగా చెప్పాడు. ఆ రెండు వేళ్ళ ఖాళీ ఎప్పుడో పూడిపోయింది. రాయ్‌పూర్ మే నెల ఎండలో వంతెన సాగుదామని ఏటా తన్నుకుంటోంది. కాలు కదలక, ఆ తన్నులన్నీ రివెట్ల మీదా రాతిబండ మీదా పడ్డాయి.

"దుమ్ము పడకూడదనీసి కట్టినాను తల్లీ. దాని కాలు నానే కట్టీసినాను," అన్నాడు బాబాయ్. ఆ పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు మాత్రం, దాచడమెందుకు, లోపల ఎగిరి గంతెయ్యాలనిపించింది. వంతెన చావలేదు! దాన్ని ఎవరో పట్టుకుని ఉన్నారంతే.

అక్కణ్ణుంచే రోడ్ల శాఖ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకి ఫోన్ చేశాను. ఆయన పాపం ఓపికగా అంతా విని, "మాడమ్, కాటో భీ ఆప్, మత్ కాటో భీ ఆప్?" అన్నాడు. కొయ్యమన్నదీ మీరే, వద్దన్నదీ మీరేనా అని.

"తప్పు నాది సర్. కాగితం మీద రాసిస్తాను."

"శనివారం సాయంత్రం దాకా టైము. నేనే వస్తాను. నాకు కళ్ళకి కనపడాలి. లేకపోతే సోమవారం కట్టర్లు దిగుతారు," అన్నాడు హిందీలో.

శుక్రవారం పొద్దున ఉలి పట్టుకోగానే దుకాలూ చౌతరాకి అడ్డంగా నిలబడ్డాడు.

"యే నహీ టూటేగా, మాడమ్‌జీ."

దీన్ని పగలగొట్టనివ్వనంటున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "సోమవారం వంతెనే పోతుంటే ఊరుకున్నావు. ఈ గద్దె విప్పుతానంటే అడ్డం పడతావేం?" అని హిందీలో అరిచాను.

"పుల్ సర్కార్ కా హై. చౌతరా హమారా హై," అన్నాడు. వంతెన సర్కారుది, గద్దె మాది అని.

బాబాయ్ నన్ను పక్కకి జరగమని సైగ చేశాడు. దుకాలూ భుజం మీద చెయ్యి వేసి, తన రైల్వే హిందీలో తీరిగ్గా చెప్పాడు. ఈ గద్దె కట్టింది తానేనని, కింద దేవుడి ఇనుప చక్రాలున్నాయని, విశ్వకర్మ పని చేసేవాళ్ళ దేవుడు గనక ఆయన మన పనికి అడ్డం కూర్చోడని చెప్పాడు. "నువ్వే ఎత్తి మంచి చోట పెట్టు. గోడ మాత్రం కట్టినోణ్ణి నాను, నానే ఇప్పాల." దుకాలూ చెప్పులు విప్పి, పటాన్ని రెండు చేతులతో ఎత్తి, ఒడ్డు గోడలో గూడులా ఉన్న చోట పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాం. డెబ్భై దాటిన బాబాయ్ మొదటి దెబ్బలు తనే వేశాడు. మిగతావి దుకాలూ వేశాడు.

సాయంత్రానికి రోలర్లు బయటపడ్డాయి. రోలర్లని తెలిసిన కళ్ళకి తప్ప అవి రోలర్లలా లేవు. తుప్పు, సిమెంటు, రంగు, నూనె కలిసి ఒకే ముద్దైపోయాయి.

శనివారం మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఇనుము ఎంత సాగాలో అంతా సాగాలని చూసే వేళ అదేనని బాబాయ్ కావాలనే అప్పటిదాకా ఆపాడు. స్పాన్ చివర ఒక మేకు కట్టి, దాని మొన కింద గోడ రాతి మీద నేను సుద్దతో గీత గీశాను. వంతెనను కొయ్యడానికి తెచ్చిన జాక్‌లే దాని కిందకి చేరాయి. హైడ్రాలిక్ జాక్ అంటే నూనె ఒత్తిడితో బరువు లేపే యంత్రం. రెండిటినీ సమంగా, మెల్లగా కొట్టించాను. ఒకటి, రెండు, మూడు. ఏమీ లేదు. నాలుగోసారి.

ఢామ్మని పేలినట్టయింది.

వంతెన మీద పావురాలన్నీ ఒక్కసారిగా లేచాయి. జాక్‌ల దగ్గర కుర్రాళ్ళు చేతులొదిలేసి ఒడ్డెక్కేశారు. విరిగిపోయింది, నా చేతుల్లోనే విరిగిపోయింది అనుకున్నాను. చూస్తే అప్పలస్వామి బాబాయ్ తువ్వాలు తల మీద వేసుకుని పగలబడి నవ్వుతున్నాడు.

"ఒల్లు ఇరుసుకున్నాదమ్మా! సూడు, సూడు, నీ గీత సూడు!"

సుద్దగీత దగ్గరికి పరిగెత్తాను. మేకు మొన గీత మీద లేదు. బొటనవేలి గోరంత దూరం ఒడ్డు వైపు జరిగింది. అంత పెద్ద ఇనుప వంతెన, నేను చావు రాసిన వంతెన, నా కళ్ళముందే అడుగు వేసింది! నేను దుకాలూని పట్టుకుని గంతులేశాను. అతను కంగారుపడి నమస్కారం పెట్టాడు.

రోలర్లని లాగి, కిరసనాయిలుతో కడిగి, గీకి, గ్రాఫైట్ గ్రీజు పట్టించి, మళ్ళీ స్పాన్‌ని వాటి మీదకి దించేసరికి నాలుగు దాటింది. ఇంజినీరు గారు జీపు దిగి తిన్నగా కిందికొచ్చాడు. కొత్త గీత గీసి ఆయన్ని స్టూలు మీద కూర్చోబెట్టాను. ఎండ తగ్గుతోంది. ఆయన మొదట వాచీ చూసుకున్నాడు. తర్వాత ఫోన్ ఆపేశాడు. ఇంకాసేపటికి కళ్ళద్దాలు తుడుచుకుని గీత మీదకి వంగిపోయాడు. ఆరు కొట్టేవేళకి మేకు మొన వెనక్కి, నది వైపు, నువ్వుగింజ పాటి జరిగింది. చల్లబడి, ముడుచుకుని, తన చోటుకి తిరిగి వెళ్తోంది.

"చల్ రహా హై," అన్నాడాయన చిన్నపిల్లాడిలా. కదులుతోంది అని. వెంటనే లేచి ఫోన్ తీసి, "సోమవారం కట్టర్లు రావద్దు," అని చెప్పాడు.

ఆ తర్వాత చెయ్యాల్సింది చాలానే ఉంది. చీలిన రాతిబండ మార్చాం. వదులైన రివెట్లు తీసి కొత్తవి వేశాం. ఉర్లాలో కాల్చిన రివెట్టు కొట్టడం వచ్చినవాడే లేకపోతే బాబాయ్ మా వర్క్‌షాపులో నెల రోజులు కుర్చీ వేసుకుని కూర్చుని ఇద్దరికి నేర్పాడు. ఎప్పుడు ఎరుపెక్కిందో, ఎప్పుడు మాడిపోయిందో కేకలు వేసి చెప్పేవాడు. బరువు పెట్టి పరీక్ష చేశాకే అడ్డుగోడ తీశారు. లారీలు, బస్సులు వద్దన్నాం. సైకిళ్ళు, మోటార్ సైకిళ్ళు, నడిచేవాళ్ళు సరే అన్నాం. మొదటి రోజు దుకాలూ తన కూతురిని సైకిలు మీద కూర్చోబెట్టుకుని బడికి దించడానికి వెళ్తూ, కావాలని మూడుసార్లు గంట కొట్టాడు.

కొత్త రిపోర్టు టైపు చేస్తున్నప్పుడు బాబాయ్ పక్కనే ఉన్నాడు. "నా పేరు కూడా రాయమ్మా," అన్నాడు.

"ఏమని రాయను?"

"గోడ కట్టినోడు అని రాయి. ఎనకాలొచ్చీవోల్లకి తెలియాల."

"విప్పినవారు అని కూడా రాస్తాను బాబాయ్."

"రెండూ ఒక్క లైన్లో రాయి," అన్నాడు.

అలాగే రాశాను. ఈ పనిలో ఇంకా చాలా వంతెనలు చూశాను. ఎక్కడ ఏ గూడు కనిపించినా, దేవుడిదైనా మనిషిదైనా, ముందు దండం పెడతాను, తర్వాత అక్కడివాళ్ళని అడిగి వెనకేముందో చూస్తాను. ఇంతవరకు ఎవరూ కాదనలేదు. మార్చిలో కూడా ఎవరూ కాదనలేదు, నేనే అడగలేదు. 'వీలులేదు' అని రాయడానికి నాకు పట్టింది అర నిమిషం. ఆ అర నిమిషానికి ఒక వంతెన పోయేది.

పాత రిపోర్టు కాపీ ఇప్పటికీ నా దగ్గరుంది. 'బేరింగు దగ్గరికి వెళ్ళడానికి వీలులేదు' అన్న లైను మీద అడ్డంగా ఒక గీత ఉంటుంది. దాని కింద శనివారం సాయంత్రం గ్రీజు చేతులతో రాసిన నా అక్షరాలు, వాటి పక్కన నల్లటి వేలిముద్ర. 'వెళ్ళాను. ముట్టుకున్నాను. కదులుతోంది.'